కాఫీ పొట్లం

కొత్త పెళ్లికూతురికి మొగుడు బాగుచేసిన ఓవెన్ కూడా మొగుడంత ముద్దు.

పెళ్లయి ఇంకా నెల తిరగలేదు. ఆమె విమానంలో ప్రయాణికులకు భోజనాలు అందించే పిల్ల. అతను అదే విమానాలను షెడ్డులో విప్పి బిగించే మెకానిక్. ఒకరు నేలమీదుంటే ఇంకొకరు గాల్లో ఉండే కాపురం. ఆ పొద్దున మాత్రం ఆమె బయల్దేరేలోపే అతను పరుగున ఇల్లు చేరాడు. వంటింటి గట్టుమీద కూర్చుని ఇద్దరూ ఒకే గ్లాసులో టీ తాగారు. ఆఖరి గుక్క నీదంటే నీదని కాసేపు కొట్లాడుకున్నారు కూడా.

"నీ విమానంలో వెనకవైపు ఓవెన్ నేనే బాగుచేశా. అందులో వేడిచేసిందేదైనా నా చేతివంటే అనుకో" అన్నాడు.

ఆ ఒక్క మాట చాలదూ! విమానం ఎక్కింది మొదలు "మా ఆయన ఓవెన్, మా ఆయన ఓవెన్" అని ఒకటే జపం. సిబ్బందిలో పెద్దావిడ, అందరూ అక్కా అని పిలిచేది, వినీ వినీ విసిగిపోయింది.

"ఏమే కొత్తకోడలా, దిగేటప్పుడు దాన్ని ఇంటికి మోసుకుపోతావా ఏంటి?"

"ఇస్తే మోసుకుపోతానక్కా."

"పో పో. నాలుగు రోజులు పోతే ఓవెన్ ఉంచుకుని మొగుణ్ణి వాపసిస్తావు."

ఇద్దరూ పగలబడి నవ్వారు.

భోజనాలు వేడెక్కుతుండగా వాసన వచ్చింది. అన్నం మాడిన వాసన కాదు. చేపలు కడిగిన నీళ్ల కంపు. ఆ రోజు వంటలో చేపే లేదు. శిక్షణలో మొట్టమొదట చెప్పింది ఇదే: చేప లేకుండా చేపకంపు కొడితే వైరు తొడుగు కాలుతున్నట్టు లెక్క. వెంటనే కరెంటు కట్టెయ్యాలి, కెప్టెన్‌కి ఫోన్ చెయ్యాలి, ఎక్కడ కాలుతోందో ఆ తర్వాత వెతకాలి. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, గాల్లో ఉన్నప్పుడు పొగ వచ్చేదాకా ఆగితే పుట్టి మునిగినట్టే.

ఆమె చెయ్యి స్విచ్ దాకా వెళ్లి ఆగిపోయింది. తను ఫోన్ చేస్తే కబురు షెడ్డుకి పోతుంది. ఆఖర్న బిగించింది ఎవరని అడుగుతారు. అతనేమో ఇదివరకే ఒకసారి మందలింపు తిన్న మనిషి. ఇంకోసారంటే ఉద్యోగం ఊడినట్టే.

"కొత్తగా బిగించింది కదా, మొదట్లో అలాగే ఉంటుందిలే" అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

విమానంలో మరుగుదొడ్డి కంపు కొడితే కాఫీపొడి పొట్లం చింపి అక్కడ తగిలించడం సిబ్బందికి అలవాటు. ఎంత కంపునైనా కప్పేస్తుంది. ఆమె గబగబా రెండు పొట్లాలు చింపి ఓవెన్ పక్కన పెట్టింది.

అక్క అటుగా వచ్చి గట్టిగా గాలి పీల్చింది. "అబ్బ, కాఫీ! నాకూ ఓ కప్పు పొయ్యవే" అంటూ ముందుకి వెళ్లిపోయింది.

తిరిగొచ్చేసరికి ఓవెన్ వెనక పలక సందులోంచి తెల్లటి పొగ పాకుతోంది. అక్క పొట్లాలు చూసింది. పిల్ల మొహం చూసింది. తిట్టలేదు. తిట్టే వ్యవధి లేదు. వంటగది కరెంటంతా కట్టేసి ఫోనెత్తింది.

"కెప్టెన్, వెనక వంటగదిలో కరెంటు పొగ. స్విచ్చులు కట్టేశాం."

చేతి వెనకవైపుతో పలకలు తడిమి, వేడిగా ఉన్న చోటు పట్టేసింది. పొగలో ఊపిరాడేలా తలకి తొడుక్కునే ముసుగు అక్కడ ఒక్కటే ఉంది. దాన్ని పిల్ల తలకి తొడిగి, మంటలార్పే సీసా చేతిలో పెట్టింది.

"ఆ సందులో కొట్టు. చల్లారిందని నమ్మకు, చూస్తూనే ఉండు. మనుషుల సంగతి నేను చూసుకుంటా."

తడి తువ్వాలు ముక్కుకి కట్టుకుని, వెనక వరసల వాళ్లను వంగోబెట్టి ముందుకి పంపింది. కాళ్లు రాని ముసలాయన ఒకడు కదల్లేకపోతే మళ్లీ పొగలోకి వచ్చింది. చంకల కింద చేతులేసి ఈడ్చుకుపోయింది. దగ్గర్లోని ఊళ్లో విమానం దిగింది. ప్రయాణికులందరూ క్షేమంగా దిగారు. అక్కని మాత్రం మోసుకుంటూ దించారు.

ఆసుపత్రి వరండాలో కెప్టెన్ అడిగాడు. "వాసన మొదట ఎప్పుడొచ్చిందమ్మా?"

అద్దం అవతల అక్క మొహానికి ఆక్సిజన్ మాస్కు. పిల్ల ఉన్నదున్నట్టు చెప్పేసింది.

సాయంత్రానికి మొగుడు వచ్చాడు. ఆమె జుట్టంతా పొగకంపు. కళ్లు చింతనిప్పులు. 'ఎలా ఉన్నావు' అంటే చాలు, భోరుమనేదే.

"ఏం చెప్పావు?" అన్నాడు.

"జరిగిందేనండీ. వాసన తెలిసీ మీకోసం దాచానని."

"నా పేరెందుకు ఎత్తావు? ఓవెన్‌లో ఏదో మాడ్చేశానంటే పోయేది కదా. కొత్తదానివి, తిట్టి వదిలేసేవాళ్లు."

ఆమె అతని మొహంలోకి చూసింది. "మీకు ముందే తెలుసా?"

అతను గొంతు తగ్గించాడు. "వైరు బిగింపు వదులైంది. అది మార్చాలంటే మధ్యాహ్నమయ్యేది, అప్పటికి నువ్వు వెళ్లిపోయేదానివి. తాత్కాలికంగా నొక్కి వచ్చేశా. నీకోసమే కదా పరిగెత్తుకొచ్చింది!"

ఆమెకి పొద్దుటి టీ, ఆ ఆఖరి గుక్క కొట్లాట గుర్తొచ్చాయి.

అతను మిషన్ దగ్గరికి వెళ్లి కాఫీ పట్టుకొచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "అయిందేదో అయింది. పొగలో కంగారుపడి ఏదో వాగానని కెప్టెన్‌తో చెప్పు. ఇకమీద ఇద్దరిదీ ఒకటే మాట. సరేనా?"

"ఒకటే మాట. నేను చెప్పిందే. ఆ వదులు బిగింపు సంగతి కూడా కలిపి మీరూ చెప్పండి. చెప్పకపోతే నేనే చెప్తాను."

"మొగుడి కంటే ఆవిడెక్కువైపోయిందా నీకు?"

ఆమె కప్పు పట్టుకుని అక్క గదిలోకి నడిచింది. "అక్కా, అప్పుడు కప్పు అడిగావు కదా" అంది. కప్పు ముందుకు చాపింది.

అక్క కళ్లు తెరిచింది. కప్పు చూసి, మాస్కుతోనే మొహం గోడవైపు తిప్పుకుంది.