పెయ్య బేరం

ఒకే ఆదివారం ఇద్దరు మగాళ్లు తగిలారు సైమికి. ఇద్దరూ మూగవాళ్లే. పుట్టు మూగైతే జాలిపడేది. వీళ్లది కోరి తెచ్చుకున్న మూగతనం.

పొద్దున్నే ఉర్హో వచ్చాడు. హెల్సింకీలో రెండేళ్లుండి, మూకీ సినిమాలు చూసి ప్రేమించడం నేర్చుకొచ్చిన ఘనుడు. జుట్టుకు పట్టించిన నూనెతో ఒక పూట దీపం వెలిగించవచ్చు. వాకిట్లో బురదలోనే మోకరిల్లి, గుండె మీద చెయ్యి వేసుకుని, కనుగుడ్లు తిప్పాడు. సైమి పాల బకెట్టు కింద పెట్టి చూసింది.

"కడుపునొప్పా?"

అతను తల అడ్డంగా ఊపి, చేతులు చాచి, ముద్దుకు మూతి ముందుకు పెట్టాడు.

"సరే, ముద్దు పెట్టుకున్నామనుకో. ఆ తర్వాత?"

అప్పుడు తెరిచాడు నోరు. "తర్వాతేముంటుంది? హాల్లో లైట్లేస్తారు."

"అయితే లేచి ఇంటికెళ్లు. లైట్లేసేశారు."

మధ్యాహ్నం తావెట్టి వచ్చాడు. పక్క పొలం వాడు, పనిమంతుడు. ఇతనంటే సైమికి ఇష్టమే, అదీ ఆమె ఖర్మ. అడిగే మాటేదో తన నోటితో అడిగితే చాలు, సరేనందామని ఎప్పటినుంచో కాచుకుని ఉంది. ఈ మహానుభావుడేమో తాతల నాటి పద్ధతని మధ్యవర్తిని వెంటబెట్టుకొచ్చాడు. మాటలన్నీ ఈసక్కి ముసలాయన చూసుకుంటాడు. పెళ్లికొడుకు తలుపు పక్క బల్ల మీద బెల్లం కొట్టిన రాయిలా కూర్చోవాలి. పెళ్లి ఊసు నేరుగా ఎత్తకూడదు, పెయ్యను కొనడానికి వచ్చామనాలి.

"మీ ఇంట్లో మంచి పెయ్య ఉందని విన్నాం తల్లీ," అంటూ ఈసక్కి కాఫీ సాసర్లో పోసుకున్నాడు. "మావాడి మనసు దానిమీదే ఉంది."

"మనసు ఆయనదే కదా తాతా, ఆయన్నే చెప్పనీ." సైమి వెళ్లి తావెట్టి ఎదురుగా నిలబడింది. "ఏం కావాలి నీకు?"

తావెట్టి చెవులు ఎర్రబడ్డాయి. ఈసక్కి వైపు చూశాడు.

"పెయ్యే కావాలంటున్నాడమ్మా," అన్నాడు ఈసక్కి.

సైమి ఇంకాసేపు ఆగింది. ఆశతోనే ఆగింది. అతను టోపీ చేతుల్లో తిప్పుకుంటూ కూర్చున్నాడు.

ఆమె కొట్టంలోకి వెళ్లి, నిజం పెయ్యనే తోలుకొచ్చి, పలుపు అతని చేతిలో పెట్టింది.

"అడిగింది ఇదేగా. డబ్బులు నాన్నకివ్వు."

కాదనడానికైనా నోరుండాలి. డబ్బులిచ్చి పలుపు పట్టుకుని బయల్దేరాడు.

గేటు దగ్గర పెయ్య మొండికేసింది. సైమి తెరిచి ఉన్న కిటికీలోంచి చూస్తూ, వింటూనే ఉంది. తావెట్టి దాని మెడ నిమురుతూ చెవి దగ్గరికి వంగాడు.

"రావే బంగారం, భయపడకు. మా ఇంట్లో నిన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటా. నాకు మాత్రం ఇంకెవరున్నారు చెప్పు."

ఇన్ని మాటలు వచ్చన్నమాట ఈ దద్దమ్మకు. సైమికి ఏడుపొచ్చింది. అతని కోసం ఏడుస్తున్నందుకు తన మీదే అసహ్యం వేసి, కిటికీ మూసేసింది.