దుమ్ము పడకుండా

కొత్త కారు తీసుకునే రోజున షోరూమువాళ్ళు కొన్నవాళ్ళ చేతిలో పెట్టే కానుక పెట్టెలు రెండేళ్ళుగా మా ఇంట్లోనే తయారవుతున్నాయి. మా ఆయన తులసీరాం తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీదున్న ఆ షోరూములో డెలివరీలు చూస్తారు. మొదట్లో పెట్టెలు బయట కట్టించేవారట. మూతలు సరిగా పడక, రిబ్బన్లు ఊడిపోయి, కొన్నవాళ్ళు మొహం చిట్లిస్తున్నారని ఆ పని నాకు అప్పగించారు. ఏ పనైనా అంచుకు అంచు కలిస్తేనే నాకు తృప్తి. ముందుగదిలో చాప పరిచి, పెట్టెలు వరుసగా పేర్చి, ఒక్కోదానిలో కారులో అంటించుకునే స్వామి పటం, కుంకుమ పొట్లం, అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ, రెండు బెల్టు క్లిప్పులు సర్దేదాన్ని. డెలివరీ రోజుల్లో ఆటోలో నేనే తీసుకెళ్ళి ఇచ్చి వచ్చేదాన్ని.

ఈ క్లిప్పుల సంగతి చెప్పాలి. సీటు బెల్టు చివర నాలుకలా ఉండే ఇనప ముక్క ఉంటుంది కదా, అదే, బెల్టు లేకుండా. పైన బంగారు రంగులో షోరూము పేరు. బెల్టు గుచ్చే గాడిలో దీన్ని గుచ్చితే, మనిషి బెల్టు పెట్టుకున్నాడని కారు అనుకుంటుంది. బెల్టు పెట్టుకోమని కొట్టే గంట ఇక మోగదు. కారు కొన్నవాళ్ళు చాలామంది వారం తిరక్కుండానే ఆ గంట నస పడలేకపోతున్నామని ఫోన్లు చేసేవారు. కొత్త మోడళ్ళలో వెనక సీట్లకు కూడా గంట పెట్టేసరికి ఆ ఫోన్లు రెట్టింపయ్యాయి. అడక్కముందే ఇస్తే సంతోషిస్తారని ఈ ఆలోచన చేసింది మా ఆయనే.

"ఎవరన్నా ఇదేందని అడిగితే గాడిలో దుమ్ము పడకుండా అని చెప్పు. గంట మాట ఎత్తొద్దు. ఇవి అమ్మగూడదని గవర్నమెంటు ఆర్డరుండాది" అని మొదటి రోజే నాతో చెప్పారు.

అమ్మకూడని వస్తువును ఊరికే ఇవ్వవచ్చా అని అడగాలనిపించింది. అప్పటికే ఇరవై పెట్టెలకు రిబ్బను కట్టేసి ఉన్నాను. అడగలేదు.

మే నెలలో జయరావు, సంతోషమ్మ అనే దంపతులు చిత్తూరు నుంచి కారు తీసుకోవడానికి వచ్చారు. ఆయన చిత్తూరు కోర్టులో గుమాస్తాగా చేసి రెండు నెలల ముందే రిటైరయ్యారు. కొడుకు జోయల్ శ్రీసిటీలో కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఏ కారు తీసుకోవాలో చూసి చెప్పింది అతనే. వాళ్ళింట్లో అదే మొదటి కారు.

ముందురోజు మా ఆయన ఫోను చేసి, వాళ్ళు క్రైస్తవులని, పెట్టెలోంచి స్వామి పటం, కుంకుమ తీసెయ్యమని చెప్పారు. తీసేశాను. పెట్టె సగం ఖాళీ అయింది. ఎత్తితే లోపలివి అటూ ఇటూ కదులుతున్నాయి. అలా ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. ఇంకో గుడ్డ మడిచి పెట్టి, రెండు క్లిప్పులకు బదులు నాలుగు పెట్టాను. అప్పుడు కదలడం ఆగింది.

ఆ రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టలేదు. వాళ్ళతో వచ్చిన పాస్టరుగారు బానెట్టు మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. అయిపోగానే జోయల్ పైఅంతస్తులో కాగితాల పని ముగించి, షిఫ్టుకు టైమవుతోందని అటునుంచి అటే బస్సెక్కడానికి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ తల్లికి జాగ్రత్తలు చెప్పడం నేను విన్నాను. ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదని, బెల్టు మరిచిపోతే కారే గంట కొట్టి చెబుతుందని, అది మోగినప్పుడు పెట్టుకుంటే చాలని.

సంతోషమ్మ చెప్పులు బయట విడిచి కారెక్కింది. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు చించబోయిన కుర్రాణ్ణి వద్దంది. ఒళ్ళో పెట్టుకుని పెట్టె విప్పింది. రిబ్బనును కత్తిరించకుండా ముడి విప్పి, వేలికి చుట్టి బ్యాగులో వేసుకోవడం చూసి ఆ మనిషి నాకు నచ్చింది. క్లిప్పు ఒకటి తీసి నా వైపు పట్టింది.

"ఇదేంది అక్కా?"

పక్కనే మా ఆయన ఉన్నారు. ఆయన వైపు చూడకుండానే చెప్పాను. "గాడిలో దుమ్ము పడకుండా."

ఆమె ముఖం విప్పారింది. "ఎంత బాగా ఆలోచన చేసినారక్కా. నేను మా ఇంట్లో టీవీ రిమోటుకు గూడా కవరేసి పెడతా. ఈయన ఎగతాళి చేస్తాడు."

నాలుగు క్లిప్పులూ తనే నాలుగు గాడుల్లో గుచ్చింది. టప్‌మని పడినప్పుడల్లా నవ్వింది. జయరావుగారు మాత్రం తన సీటుది తీసి తలుపు అరలో పెట్టుకున్నారు. నడిపేవాడు బెల్టు పెట్టుకోకపోతే పోలీసులు ఆపుతారని ఆయనకు తెలుసు. కారు గేటు దాటి చిత్తూరు రోడ్డు వైపు తిరిగింది. నేను ఖాళీ సంచులు మడుచుకుని ఇంటికి వచ్చేశాను.

జూన్ రెండో వారంలో వాళ్ళిద్దరూ పుత్తూరులో ఎవరో బంధువుల ఇంట్లో ప్రార్థన కూటానికి బయల్దేరారు. ఊరు ఇంకో రెండు కిలోమీటర్లుందనగా, మామిడికాయల ట్రాక్టరు పక్కదారిలోంచి ఒక్కసారిగా రోడ్డెక్కింది. జయరావుగారు తప్పించబోయారు. కారు ఎడమవైపు కల్వర్టు గోడకు కొట్టుకుంది. బెల్టు పెట్టుకున్న ఆయనకు కుడిచెయ్యి విరిగింది. పక్క సీటులో ఉన్న సంతోషమ్మ ఆసుపత్రికి చేరకముందే పోయింది.

ఈ సంగతి మా ఆయన అన్నం తింటూ చెప్పారు. చెప్పి, సగంలోనే కంచంలో చెయ్యి కడుక్కున్నారు. ఇన్సూరెన్సు పని కోసం ఆ కారును క్రేనుతో తెచ్చి షోరూము వర్క్‌షాపులోనే పెట్టారట.

రెండు రోజుల తర్వాత బట్టలు నానబెడుతూ ఆయన ప్యాంటు జేబులు చూశాను. కాగితంలో చుట్టిన నాలుగు క్లిప్పులున్నాయి. ఒకదాని అంచున గోధుమరంగు మరక. తుప్పు అనుకున్నాను. గోటితో గీరితే తుప్పు కాదని తెలిసింది.

వాటిని తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

"బండి రాంగానే తీసేసినా. ఇన్సూరెన్సు సర్వేయరు చూసుంటే దాని మీద మా షోరూము పేరుండాది" అన్నారు. "ఇచ్చింది ఎవరంటే నా పేరే చెబుతారు. ఈ వయసులో నన్ను ఇంగెవరు పిలిచి పనిస్తారు, ప్రసూనా?"

నేను చేసిన పని చెబుతాను. ఆ క్లిప్పులను సబ్బుతో కడిగి, తుడిచి, ఆయన చేతికే ఇచ్చాను. ఎక్కడ పారేశారో నాకు తెలియదు. ఆషాఢమంతా డెలివరీలు లేవు కాబట్టి పెట్టెలూ లేవు.

ఆ నెలలోనే ఇంకో సంగతి తెలిసింది. జయరావుగారు రెండుసార్లు షోరూముకు వచ్చి, ఆ రోజు తన కారులో గంట మోగలేదని, అది చెడిపోయిన బండి అని చెప్పారట. వర్క్‌షాపులో పరీక్షించి గంట బాగానే మోగుతోందని రాసిచ్చారు. అప్పట్నుంచి కొడుకు తండ్రితో మాట్లాడడం లేదట. గంట మోగుతున్నా పట్టించుకోకుండా నడిపాడని, ఇప్పుడు అబద్ధం చెబుతున్నాడని అతని నమ్మకం. మా ఆయన ఇదంతా వేరే ఎవరి ఇంటి గొడవో చెప్పినట్టు చెప్పారు. నాకు ఆ రోజు నుంచి నిద్ర సరిగా లేదు. తండ్రి నిజమే చెబుతున్నాడని తెలిసినవాళ్ళం భూమ్మీద ఇద్దరమే.

శ్రావణం మొదటి శుక్రవారం పన్నెండు పెట్టెలతో షోరూముకు వెళ్ళాను. డెలివరీ చోట ఒక కారుకు పూలదండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతి కోసం ఆగి ఉన్నారు. అవతల మూలన, చూసేవాళ్ళు నడిపి చూడడానికి ఉంచిన కారు దగ్గర మా ఆయన, వర్క్‌షాపు మెకానిక్కు మునెయ్య నిలబడి ఉన్నారు. కారులో స్టీరింగు వెనక జయరావుగారు. విరిగిన కుడిచేతికి ఇంకా పుత్తూరు కట్టు. పక్క సీటులో జోయల్. అచ్చం వాళ్ళ కారులాంటిదే, రంగు కూడా అదే. గంట ఎలా మోగుతుందో తండ్రికి వినిపించమని కొడుకే అడిగాడట.

జయరావుగారు బెల్టు పెట్టుకున్నారు, జోయల్‌ను మాత్రం పెట్టుకోకుండా కూర్చోమని మునెయ్య చెప్పినట్టున్నాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇంజను ఆన్ చేశాడు. కాసేపటికి గంట మొదలైంది. మొదట నెమ్మదిగా, తర్వాత గట్టిగా, ఆగకుండా.

జోయల్ తండ్రి వైపు తిరగలేదు. ఎదురుగా అద్దంలోంచి చూస్తూ అన్నాడు. "ఇంటా ఉండావా నాయనా? సిత్తూరు నుంచి పుత్తూరు దాకా ఇది ఇట్ల మోగతానే ఉండింటుంది. పాటలు పెట్టుకోని పోయింటావు."

"పాటలు కాదురా. పాస్టరుగారి వాక్యం ఇంటా పోయినాం, మెల్లిగానే పెట్టినాం. ఇది మోగల్యా."

"బండి అబద్ధం సెప్తాదా?"

"మోగింటే నేను ఆమెకు పెట్టుకోమనింటా గదరా. ఒక్క మాట. అంతే గదా." జయరావుగారి గొంతు పెద్దది కాలేదు. అదే మాట ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయినట్టుంది.

అప్పుడే ఆయన నన్ను చూశారు. గుర్తుపట్టారు. కారు దిగకుండానే ఎడమచెయ్యి ఎత్తి పిలిచారు.

"అమ్మా, ఆ పొద్దు మీరుండారు. మా యామెతో మాట్లాడినారు. సెప్పండమ్మా వీడికి. అన్నీ సెప్పినట్ల సేసే మనిషి ఆమె. గంట మోగతా ఉంటే ఊరికే కూర్చుంటాదా?"

"ఆమెకేం తెలుసు సార్, పెట్టెలిచ్చి పోతాది" అన్నారు మా ఆయన. నా వైపు తిరిగి, "నువ్వు ఇంటికి పో" అన్నారు. గొంతులో కోపం లేదు. భయం ఉంది. ఆ భయం నాకు కొత్తది కాదు. అరవైకి దగ్గరపడిన మనిషి, పొద్దున్నే చొక్కాకు ఇస్త్రీ మడత చెదరకుండా నిలబడే మనిషి, రేపటి నుంచి ఇంట్లో కూర్చుంటే ఎలా ఉంటాడో నాకు తెలుసు. గంట మాత్రం మోగుతూనే ఉంది.

చేతిలో అన్నిటికన్నా పైనున్న పెట్టె రిబ్బను విప్పాను. సంతోషమ్మలా ముడి విప్పుతూ కూర్చోలేదు, లాగేశాను. పటాన్నీ పొట్లాన్నీ పక్కకు జరిపి ఒక క్లిప్పు తీశాను. కారు అవతలి వైపు వెళ్ళి జోయల్‌కు అందించాను.

"ఇది ఆ గాడిలో గుచ్చు నాయనా."

అతను విడిభాగాలు చేసే మనిషి. చేతిలోకి తీసుకోగానే అతనికి అర్థమైంది. వెనక్కి తిప్పి షోరూము పేరు చదివాడు. ఆ తర్వాతే గుచ్చాడు. టప్‌మంది. గంట ఆగిపోయింది.

అవతల హారతి ఇచ్చి కారు ముందుకు కదిపారు. నిమ్మకాయలు చిట్లాయి. ఎవరో గోవిందా అన్నారు.

"ఆ రోజు మీ పెట్టెలో నాలుగు పెట్టినాను" అన్నాను. "ఏమిటని మీ అమ్మ అడిగింది. దుమ్ము పడకుండా అని చెప్పినాను. దేనికో తెలిసే చెప్పినాను. మీ నాయన అబద్ధం చెప్పలేదు."

మునెయ్య మా ఆయన వైపు చూశాడు. ఆయన తల వంచుకుని, మేనేజరు గది ఉన్న మెట్ల వైపు నడిచారు. ఒక్కో మెట్టూ రెయిలింగు పట్టుకుని ఎక్కారు. నా వైపు చూడలేదు.

జోయల్ నా మీద అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "అప్పుడు మా యమ్మ ఏమనింది?" అని అడిగాడు.

"ఎంత బాగా ఆలోచన చేసినారక్కా అనింది."

అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

జయరావుగారు ఆ క్లిప్పునే చూస్తున్నారు. కొడుకు తనను నమ్మాడన్న సంగతి ఆయన దాకా చేరినట్టు లేదు. "నాలుగూ ఆమె సేత్తోనే గుచ్చింది" అన్నారు. "గుచ్చినప్పుడల్లా సూడు సూడు అని నన్ను పిలిచింది. నేను నవ్వినా. నాది నేను తీసుకున్నా. ఆమెది తీయల్ల అని నాకు తోచల్యా."

ఎడమచెయ్యి అడ్డంగా చాచి, కొడుకు పక్కనున్న గాడిలోంచి ఆ క్లిప్పును లాగేశారు. గంట మళ్ళీ మొదలైంది. మునెయ్య ఇంజను ఆపబోతే, ఉండనీ అప్పా అన్నారు. కళ్ళు మూసుకుని కాసేపు విన్నారు.

"బెల్టు పెట్టుకో" అన్నారు.

జోయల్‌తో అన్నారో మరెవరితో అన్నారో నాకు తెలియలేదు. జోయల్ కదల్లేదు. గంట గట్టిగా మోగుతూనే ఉంది.