వస్తున్నా అనే బల్బు

"వస్తున్నా" అనే మాట మా బుడ్డిదానికి ఎప్పుడూ వినబడలేదు. నిద్ర లేచి ఏడ్చే పిల్లకి ఏ తల్లైనా చేతిలో పని వదలకుండానే "వస్తున్నానమ్మా, వస్తున్నా" అని ఓ కేక వేస్తుంది. ఆ కేకతోనే సగం ఏడుపు ఆగిపోతుంది. మా బుడ్డిదానికి మూడేళ్లు. చెవి మిషన్ పెడితే పెద్ద చప్పుళ్లు తెలుస్తాయి. పడుకునేటప్పుడు అది తీసేస్తాం. ఇక నేనెంత గొంతు చించుకున్నా ఒకటే.

మధ్యాహ్నం అది పడుకునేది ఇంటి వెనక, కిటికీ లేని గదిలో. నేను బట్టలు కుట్టే కొట్టు వీధి వైపు గదిలో. మధ్యలో వంటిల్లు, సన్నటి నడవ. దానికి మెలకువ వచ్చేసరికి చుట్టూ చీకటి, పక్కన నేనుండను. ఏడుపు అందుకుంటుంది. ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగపట్టేస్తుంది, పెదాలు నీలంగా మారతాయి. "ప్రమాదం లేదమ్మా, పెద్దయ్యే కొద్దీ అదే పోతుంది" అంది డాక్టరమ్మ. ఆవిడకేం, ఎన్నయినా చెబుతుంది. ఆ పెదాలు చూడాల్సింది నేను.

అందుకే కుట్టు మిషన్ ముందు కూర్చున్నా నా ప్రాణం వెనక గదిలోనే ఉండేది. ఓసారి లేచి చూసి రావడం, కూర్చోవడం, దారం ఎక్కించకముందే మళ్లీ లేవడం. ఆ కంగారులో ఒకావిడ గౌనుకి రెండూ ఎడమ చేతులే కుట్టిపెట్టాను. "పోనీ కొన్నాళ్లు కొట్టు మూసేద్దామా?" అన్నాడు మా ఆయన, మెల్లగానే. తొమ్మిదో తరగతిలో చదువు ఆగిపోయాక నా చేతికి వచ్చిన విద్య అదొక్కటే. అది కూడా పోతే నేనెవరిని?

గౌను సంగతి మా ఆడపడుచు చెవిన పడింది. ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే పని ఆమెది. నోరు ఆగదు కాబట్టి ఇంట్లో అందరూ టపాకాయ అని పిలుస్తారు.

"ఏంటి వదినా, నీ దగ్గరకొచ్చే ఆడాళ్లందరికీ రెండూ ఎడమ చేతులేనటగా?" అంటూనే లోపలికొచ్చింది.

"నవ్వు, నవ్వు. నీకు పిల్లలు పుట్టనీ, అప్పుడు నేనూ నవ్వుతా."

"పుట్టినప్పటి మాట కదా. ముందు ఇది చెప్పు. నా మేనకోడలికి వినపడకపోతే ఏం, కళ్లు దివిటీల్లా ఉన్నాయిగా? నువ్వు వస్తున్నావని చెవికి కాదు, కంటికి చెప్పు."

మరుసటి ఆదివారం ఓ పాత ల్యాప్‌టాప్, ఓ బల్బు పట్టుకొచ్చింది. బల్బు వెనక గదిలో బిగించింది. ల్యాప్‌టాప్ నా కుట్టు మిషన్ పక్కన పెట్టింది. తెర అంతా నల్లగా ఉంది, మూలన చిన్న గీత టపటపా కొట్టుకుంటోంది.

"ఈ బల్బుకి మన వైఫైలో ఒక నంబరుంటుంది వదినా. ఆ నంబరుకి ఓ ముక్క పంపితే వెలుగుతుంది, ఇంకో ముక్క పంపితే పోతుంది. అంత పొడుగు రాత రోజూ నువ్వు కొట్టలేవుగా. అందుకని ఒక ఫైల్లో రాసిపెట్టి దానికో పేరు పెడతా. నువ్వు పేరు కొట్టు, చాలు. షెల్ స్క్రిప్ట్ అంటారు దీన్ని."

"నాకవన్నీ రావమ్మా. ఏదో నొక్కితే పేలిపోతేనో?"

"పేలడానికి అదేమన్నా నేనా?"

పేర్లు నాకు నోటికొచ్చే మాటలే పెట్టింది, ఇంగ్లీషు అక్షరాల్లో. వెలుగు అని కొడితే బల్బు వెలుగుతుంది. ఆర్పు అని కొడితే పోతుంది. మూడోది వస్తున్నా. అది కొడితే బల్బు పసుపు రంగులో మూడుసార్లు వెలిగి ఆరి, చివరికి వెలుగుతూ నిలబడుతుంది. ఫైలు తెరిచి చూపించింది. లోపల ఉన్నది వెలుగు, కాస్త ఆగు, ఆర్పు, మళ్లీ అదే వరస. అది చూశాక నాకు భయం కొంచెం తగ్గింది. మేం కొలతలకి కత్తిరించి పెట్టుకునే కాగితాల్లాంటిదే. చేతికొక కాగితం, మెడకొక కాగితం. గౌను కాగితం మీద 'చేతికి ఆ కాగితం చూడు' అని రాసుకుంటాం, అంతే.

పిల్లకి అలవాటు చేయడానికి ఇంటిల్లిపాదీ తంటాలు పడ్డాం. మా ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని వెనక గదిలో కూర్చునేవాడు. నేను 'వస్తున్నా' కొట్టి పరుగెత్తుకెళ్లేదాన్ని. బల్బు కొట్టుకోవడం, తలుపులో అమ్మ కనబడటం. అదో ఆటైపోయింది. ఒక మధ్యాహ్నం ఏడుపు వినబడి, 'వస్తున్నా' కొట్టి, కొలత టేపు మెడలోనే వేసుకుని పరుగెత్తాను. నడవలోకి వచ్చేసరికి ఏడుపు లేదు. మళ్లీ ఊపిరి బిగపట్టిందేమో అనుకున్నా. తీరా చూస్తే, మంచం మీద కూర్చుని, బుగ్గల మీద కన్నీళ్లతోనే, తలుపు వైపు చూస్తూ నా కోసం కాచుకుని ఉంది.

అంతా బాగానే ఉండేది, నా మనసు ఊరుకుంటే. పిల్ల గదిలో దీపం తియ్యాల్సి వచ్చినప్పుడల్లా నా వేళ్లతో 'ఆర్పు' అని కొట్టాలంటే చేదుగా ఉండేది. దీపాన్ని ఆర్పు అని ఎవరన్నా అంటారా?

"కొండెక్కించు అనాలి" అన్నాను ఫోనులో.

"బల్బుకి కొండేంటి వదినా, అదేమన్నా మేకపిల్లా?" టపాకాయ పడీ పడీ నవ్వింది. "సరే, నీ ఇల్లు, నీ బల్బు. పేరెలా మార్చాలో చెబుతా, రాసుకో."

చెప్పినట్టే మార్చాను. కొండెక్కు అని కొట్టాను. బల్బు బుద్ధిగా కొండెక్కింది. మనసు కుదుటపడింది.

ఆ మధ్యాహ్నమే ఒకావిడ ఒంటి మీద గుండుసూదులతో గౌను సరిచేస్తుంటే బుడ్డిది లేచింది. ఒక్క అంగలో ల్యాప్‌టాప్ దగ్గరకెళ్లి 'వస్తున్నా' కొట్టాను. ఏడుపు ఆగలేదు. పెరిగింది. తర్వాత హఠాత్తుగా ఆగింది. అది ఎలాంటి ఆగడమో నాకు తెలుసు. ఆవిడని అలాగే వదిలేసి పరుగెత్తాను. బల్బు వెలుగుతోంది, కానీ కొట్టుకోవడం లేదు. పిల్ల దాని వంక చూస్తూ నోరు తెరిచి ఉంది, ఊపిరి లేదు, పెదాలు నీలం. ముఖం మీద ఊదాను, వీపు నిమిరాను. ఎట్టకేలకు ఊపిరి అందుకుని నన్ను కరుచుకుపోయింది.

దాన్ని చంకనేసుకుని ఆవిడని పంపేశాను. బల్బు పీకేద్దామనుకున్నాను. కొట్టు కూడా మూసేద్దామనుకున్నాను. టపాకాయకి ఫోను చేస్తే ఎత్తలేదు.

తెర మీద ఏదో రాసి ఉంది. ఒకే వాక్యం మూడుసార్లు. భయం భయంగానే కూడబలుక్కుని చదివాను. ఆర్పు, తర్వాత దొరకలేదని ఇంగ్లీషులో. ఆర్పు దొరకలేదు. ఎలా దొరుకుతుంది? పేరు నేనే మార్చేశానుగా! చేతి కాగితానికి కొత్త పేరు పెట్టి, గౌను కాగితం మీద పాత పేరే ఉంచేశాను. పాపం అది పాత పేరుతోనే వెతికింది.

వస్తున్నా ఫైలు తెరిచాను. ఆర్పు అని ఉన్న ప్రతి చోటా కొండెక్కు అని దిద్దాను, ఒక్కో అక్షరం బయటికి చదువుకుంటూ. పిల్లని వెనక గది గుమ్మంలో కూర్చోబెట్టి వచ్చి 'వస్తున్నా' కొట్టాను. నడవ గోడ మీద పసుపు వెలుగు పడింది, పోయింది, పడింది. అవతల బుడ్డిది చప్పట్లు కొట్టింది.

అప్పుడు మోగింది ఫోను. జరిగింది చెప్పాను.

"అయ్యో, నాకూ తట్టలేదు వదినా! మరి ఎవరు బాగుచేశారు?"

"ఇంకెవరు, రెండు ఎడమ చేతులావిడ."

ఫోనులో టపాకాయ ఈల వేసింది.

ఆ సాయంత్రం అన్నానికి పిలుద్దామని వెళితే బుడ్డిది నేల మీద నా గుండీలన్నీ పరిచి వరసలు పేరుస్తోంది. ఎదురుగా కూర్చుని, తినడానికి రమ్మని సైగ చేశాను. చూసింది. కుడి చెయ్యి పైకెత్తి పిడికిలి తెరిచింది, మూసింది, తెరిచింది, మూసింది, తెరిచింది, మూసింది, చివరికి తెరిచి అలాగే నిలబెట్టింది. నాకు అర్థమయ్యేసరికి కళ్లు మసకబారాయి. వస్తున్నా అంటోంది మా బుడ్డిది.

అనేసి మళ్లీ గుండీల్లో పడిపోయింది. అచ్చం వాళ్ల నాన్నలాగే, అనడమే గాని కదల్లేదు.