దాచిన అంకె

ఎజిడియో ఆ అంకెను దొంగచాటుగా చూశాడని నాకు గట్టి అనుమానం. లేకపోతే సరిగ్గా జవాబు తెరవడానికి నాలుగు రోజుల ముందు వచ్చి, "మేడం, చిన్న గెలాక్సీ ఒకటి లెక్కలో తప్పిపోయింది, చేర్చాలి," అంటాడా?

ఇటలీలో మా త్రియెస్తె బృందం పని ఇది. మధ్యలో అడ్డొచ్చిన గెలాక్సీ బరువుకు వెలుగు వంగి, ఎక్కడో దూరాన నక్షత్రంలా వెలిగే ఒకే క్వేజార్ నాలుగు చుక్కలుగా కనిపిస్తుంది. అది మినుకుమంటే ఒక చుక్కలో ముందు, మరో చుక్కలో కొన్ని రోజుల తర్వాత తెలుస్తుంది. ఆ ఆలస్యాన్ని బట్టి విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో లెక్కగడతాం. ఆ వేగం డెబ్బై మూడని కొందరు, అరవై ఏడని కొందరు లోకమంతా కొట్టుకు చస్తున్నారు. మా ఇష్టాలు లెక్కలోకి దూరకుండా జవాబును కంప్యూటర్‌లోనే దాచేస్తాం. లెక్కను ఇక మార్చకూడదని అందరూ ఒప్పుకున్నాకే తెరుస్తాం, ఏది వస్తే అదే అచ్చు వేస్తాం. ప్రోగ్రాంలో ఒక్క వరుస చెరిపేస్తే ఎవరైనా చూడొచ్చు. ఎనిమిదేళ్లుగా పన్నెండు మందిమీ చూడలేదు. ఒక్కరు చూశారన్నా మా అంకెను ఎవడూ నమ్మడు.

ఈ ఎజిడియో ఏమో కాఫీ బారులో డెబ్బై మూడని పందెం కాసినవాడు.

"ఏమయ్యా, ఎనిమిదేళ్లు కనపడని గెలాక్సీ ఇప్పుడెలా కనపడింది నీకు?"

"కొత్త ఫోటో నిన్ననే వచ్చింది కదా మేడం. నమ్మకపోతే మీరే చూసుకోండి."

"చూస్తాలే. నీ పందెం గెలిపించే గెలాక్సీయేమో!"

"అబ్బబ్బా, మీతో వేగలేం!" అని నవ్వాడు. ఆ నవ్వు కూడా నాకు తేడాగానే అనిపించింది.

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లగానే అతని లెక్క తెరిచాను. గెలాక్సీని చేరిస్తే జవాబు డెబ్బై మూడు వైపు జరిగిందా, దొంగ దొరికినట్టే. ఆ ఒక్క వరుస చెరిపేసి, చేర్చకుండా ఒకసారి, చేర్చి ఒకసారి నడిపించాను. జవాబు వెనక్కి జరిగింది. అతని పందేనికి దూరంగా, నేను ఏళ్ల తరబడి వాదిస్తున్న అరవై ఏడు దగ్గరికి. హమ్మయ్య, మనిషి నిజాయితీపరుడే అనుకున్నాను. మరుక్షణం తెలిసొచ్చింది. దాచిన అంకె తెర మీద ఉంది. చూసింది నేను.

అంతలో ఎజిడియో తిరిగొచ్చాడు. "ఫోటో చూశారా మేడం? చేర్చమంటారా, వద్దా?"

చేర్చమంటే నా అంకె కోసం అన్నట్టు అవుతుంది. వద్దంటే, ఉన్న గెలాక్సీని వదిలేసి తెలిసి తెలిసి తప్పు లెక్క అచ్చు వేసినట్టు.

"నన్ను అడక్కు. నేను జవాబు చూసేశాను. నిన్ను పట్టుకుందామని."

అతని ముఖం మాడిపోయింది. "నన్నా? ఐదేళ్లుగా మీ పక్కనే కూర్చుని పనిచేస్తున్నానే!"

ఏదో చెప్పబోయాను.

"వద్దు! నోరెత్తకండి. ఇటు చూడకండి కూడా, మీ ముఖంలో జవాబు తెలిసిపోతుంది," అంటూ వెనక్కి వెనక్కి నడిచి తలుపు వేసేశాడు.

నేను చేసిన పని అందరికీ చెప్పి, వ్యాసంలోంచి నా పేరు తీసేయమన్నాను. గెలాక్సీ సంగతి మిగతా పదకొండు మందే తేల్చుకున్నారు. శుక్రవారం వాళ్లు జవాబు తెరుస్తుంటే నేను వరండాలో నిలబడ్డాను. లోపల అందరూ ఒక్కసారిగా "ఓ!" అని అరిచారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఎనిమిదేళ్లు ఎదురుచూసిన ఆ అరుపులో నా గొంతు లేదు.