పదిహేడో నంబరు

బూట్ల అడుగున పట్టిన మట్టిని పాత టూత్‌బ్రష్షుతో గీకుతోంది నవీన. బాల్కనీలో వాషింగ్ మెషీను పక్కన చిన్న పీట మీద కూర్చుంది. ఒళ్ళో పాత పేపరు, పక్కన మగ్గుతో నీళ్ళు. ఆ బూట్లు తమ్ముడు చైతన్యకృష్ణవి. మర్నాడు శనివారం పొద్దున మస్కట్ దగ్గరి బర్కాలో స్కూళ్ళ మధ్య క్రాస్ కంట్రీ పోటీ. ఆదివారం ఆమెకి కాలేజీలో మిడ్‌టర్మ్ పరీక్ష. పుస్తకం వాషింగ్ మెషీను మీద తెరిచే ఉంది కానీ చేతులు తడిగా ఉండి పేజీ తిప్పడానికి లేదు.

హాల్లోంచి నాన్న మాటలు వినపడుతున్నాయి. "మొదటి కిలోమీటరు తొందరపడకురా. ఊపిరి దాచుకో." రామ్మోహన్ దుక్మ్‌లో రిఫైనరీ పనుల దగ్గర ఇంజనీరు. రెండు వారాలకోసారి, గురువారం రాత్రికి మస్కట్ వచ్చి శనివారం మధ్యాహ్నం వెళ్ళిపోతాడు. జీవితంలో ఎన్నడూ బస్సు కోసం కూడా పరిగెత్తని మనిషి. ఆయన చెబుతున్నవన్నీ నవీన రాసి వాట్సాప్‌లో పంపినవే. కిందటి నెల "వాడికి పనికొచ్చేవి ఏమైనా ఉంటే రాసి పెట్టమ్మా" అని అడిగి తీసుకున్నాడు. ఇప్పుడవి ఆయన నోట్లోంచి ఆయన మాటల్లాగే వస్తున్నాయి.

మూడేళ్ళ క్రితం అదే స్కూల్లో, అదే టీములో, ఆడపిల్లల జట్టుకి కెప్టెన్ నవీన. పన్నెండో తరగతిలో ఉండగా గల్ఫ్ దేశాల స్కూళ్ళ పోటీకి ఎంపికైంది. ఆ ఏడాది బహ్రెయిన్‌లో. కాగితం మీద సంతకం కావాలని అడిగితే నాన్న ఫోన్లో నవ్వాడు. "మూడు రోజులు పరాయి దేశంలో ఆడపిల్లని ఎవరైనా వదిలేస్తారా? పరిగెత్తేదేదో ఇక్కడే పరిగెత్తు." ఆ మాటతో అయిపోయింది. ఈసారి బర్కాలో మొదటి నలుగురిలో వస్తే చైతూకి ఆ పోటీకి వెళ్ళే అవకాశం. నాన్న అప్పుడే కంపెనీలో సెలవు అడిగి పెట్టుకున్నాడు, కొడుకుతో వెళ్ళడానికి.

ఆమె పరుగు మానేసింది కానీ పరుగు ఆమెని మానలేదు. క్లాసులో లెక్చరర్ బోర్డు మీద రాస్తుంటే బెంచీ కింద ఫోన్లో స్కూలు పోటీల ఫలితాలు చూసేది. ఏ పిల్ల ఎన్ని సెకన్లు తగ్గించిందో, ఎవరి మడమ బెణికిందో అన్నీ తెలుసు. పక్కన కూర్చునే ఒమానీ స్నేహితురాలు అజీజా ఒకసారి ఉండబట్టలేక అడిగింది. "అంత ఇష్టమైతే మన కాలేజీ టీములో చేరొచ్చుగా? రోజూ నాలుగింటికే ప్రాక్టీసు." నాలుగింటికి చైతూని ట్యూషన్ నుంచి తీసుకురావాలి. లైసెన్సు వచ్చిన రోజునే నాన్న అమ్మతో అన్నాడు: "హమ్మయ్య, ఇంక వీడి రాకపోకల బెంగ లేదు." ఆమె అయిదుసార్లు పరీక్షకి వెళ్ళి తెచ్చుకున్న లైసెన్సు అది. పొద్దున నాలుగున్నరకి తమ్ముణ్ణి లేపడం, గ్రౌండుకి తీసుకెళ్ళడం, స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడడం, వాడి టైము నాన్నకి మెసేజ్ పెట్టడం, ఇంటికొచ్చి డబ్బాలు సర్ది కాలేజీ బస్సు పట్టుకోవడం. "ఇంట్లో ఉండేదానివే కదమ్మా, ఓ గంట ముందు లేస్తే పోలా" అనేవాడు నాన్న. రెండుసార్లు చైతూ లేవలేదు. దుప్పట్లోంచే "అక్కా, ఏదో ఒక టైము పెట్టెయ్యి, ప్లీజ్" అన్నాడు. ఆ రెండుసార్లూ ఆమె లేని పరుగుకి టైము రాసి పంపింది. నాన్న "శభాష్" అని జవాబిచ్చాడు.

అందుకే స్కూలు పి.ఇ. టీచరు గణపతి సార్ ఫోన్ చేసి, "నవీనా, శనివారం వలంటీరుగా వస్తావా? రెండో చెక్‌పాయింట్‌కి నమ్మకమైన మనిషి కావాలి" అన్నప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మూడేళ్ళలో ఆమె కోసం ఆమెని ఎవరైనా పిలిచింది అదే.

శనివారం పొద్దున ఏడింటికి అబ్బాయిల పరుగు మొదలైంది. అయిదు కిలోమీటర్లు. ఖర్జూరపు తోటల వెంట మట్టిదారిలో వెళ్ళి, ఒక నిమ్మతోట చుట్టూ పెద్ద మెలిక తిరిగి మళ్ళీ మైదానానికి రావాలి. నవీన నిలబడింది ఆ మెలిక చివర, మోటారు షెడ్డు దగ్గర. చేతిలో ప్యాడ్, దాని మీద నలభై ఒక్క నంబర్లున్న కాగితం. తన ముందు నుంచి వెళ్ళిన ప్రతి నంబరుకీ టిక్ పెట్టాలి. రెండు చెక్‌పాయింట్ల కాగితాలూ సరిచూశాకే ఫలితం. జనవరి చలికి వేళ్ళు బిగుసుకుపోయాయి.

మొదటి ముగ్గురూ ఒకరి వెనక ఒకరు దూసుకుపోయారు. తర్వాత కాస్త ఖాళీ. తర్వాత అల్ సువైక్ నుంచి వచ్చిన బాషా అనే కుర్రాడు, పళ్ళు బిగించి. చైతూ ఈ పాటికి వచ్చెయ్యాలి. నలుగురైదుగురు కలిసి వచ్చారు. వాడు లేడు. పది, పదిహేను, ఇరవై. అరుస్తూ, ఆయాసపడుతూ పిల్లలు పోతూనే ఉన్నారు. ఆమె చెయ్యి టిక్కులు పెడుతూనే ఉంది, కళ్ళు మాత్రం మలుపు దగ్గరే ఉండిపోయాయి. ఆఖరి కుర్రాడు కుంటుకుంటూ వెళ్ళాక కాగితం చూసుకుంది. నలభై టిక్కులు. పదిహేడు పక్కన ఖాళీ. పదిహేడు చైతూ నంబరు.

పడిపోయాడేమో అనుకుంది. ఊపిరి అందక ఏ కాలవ గట్టునో కూలబడ్డాడేమో. పిల్లలు వచ్చిన దారినే ఎదురు పరిగెత్తింది. తోట కంచె దగ్గర నీళ్ళు కడుతున్న మనిషిని చూసి ఆగింది. అంకయ్య అని, ముందు వారం దారి చూడ్డానికి వచ్చినప్పుడు పలకరించిన తెలుగాయన, ఆ తోటలోనే పని.

"ఎర్ర బనీను అబ్బాయి ఎవరైనా పడిపోయాడా అన్నా ఇక్కడ?"

"పడలేదమ్మా. పక్క పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. నీళ్ళిచ్చాను. తర్వాత తోటలోంచి అడ్డంగా పరిగెత్తి, మోటారు షెడ్డు అవతల దారికెక్కాడు." అంకయ్య నిమ్మచెట్ల మధ్య దారి చూపించాడు. "ఎవరమ్మా, మీ వాళ్ళా?"

ఆమె జవాబు చెప్పేలోగా ఫోను మోగింది. నాన్న. "నవీనా, మనవాడు నాలుగోవాడమ్మా, నాలుగు. మీ అమ్మకి చెప్పాను, ఏడుస్తోంది." వెనక చప్పట్లు వినపడుతున్నాయి. ఆమె తోటలోని ఆ దారినే చూస్తూ నిలబడింది. ఆ మెలిక గురించి చైతూకి చెప్పింది తనే. ఇక్కడ అడ్డంగా వెళ్తే ముప్పావు కిలోమీటరు తగ్గిపోతుంది, అందుకే ఇక్కడ చెక్‌పాయింట్ పెడతారు అని.

మైదానానికి వచ్చేసరికి చైతూ ఎదురొచ్చాడు. చెయ్యి పట్టుకుని కారు వెనక్కి తీసుకెళ్ళాడు.

"పక్కలో పోటు వచ్చింది అక్కా. నిలబడలేకపోయాను. మానేద్దామనే అనుకున్నాను. నాన్న మొహం గుర్తొచ్చింది." గొంతు తగ్గించాడు. "ఒక్క టిక్. నువ్వు తప్ప ఎవరూ చూళ్ళేదు."

వాడి చెమట, వాడి భయం రెండూ నిజమే. చిన్నప్పుడు జ్వరం వస్తే అమ్మ కన్నా ముందు తన పక్కలోకే వచ్చేవాడు. ఈలోగా నాన్న వచ్చాడు. కొడుకు మొహం చూశాడు, కూతురి చేతిలో ప్యాడ్ చూశాడు. పెద్ద పెద్ద సైట్లలో తప్పు ఎక్కడుందో చూపుతోనే పట్టుకునే మనిషి. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"ఏదీ, ఇటివ్వు."

ఆమె ఇవ్వలేదు. ఆయనే తీసుకున్నాడు. జేబులోంచి పెన్ను తీసి పదిహేడు పక్కన టిక్ పెట్టి, ప్యాడ్ మళ్ళీ ఆమె చేతిలో పెట్టాడు. "ఇచ్చిరా. గణపతిగారు ఎదురుచూస్తున్నారు." కాఫీ కప్పు ఎవరికో అందించమన్నట్టు అన్నాడు.

గణపతి సార్ కూర్చున్న టేబుల్ ముప్ఫై అడుగుల దూరంలో ఉంది. దారిలో బాషా నేల మీద కూర్చుని మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఉన్నాడు. అయిదో స్థానం. వాడి తండ్రి కాబోలు, సీసాతో వాడి మెడ మీద నీళ్ళు పోస్తున్నాడు. నవీన నడుస్తూనే ఉంది. ఇస్తే ఏమవుతుంది? ఏమీ అవదు. తను పంపిన ఆ రెండు మెసేజ్‌లకీ ఏమీ అవలేదు. ఈ మధ్యాహ్నం నాన్న దుక్మ్ వెళ్ళిపోతాడు, రేపు పరీక్ష, ఎల్లుండి నాలుగున్నరకి మళ్ళీ లేవాలి. ఎప్పుడూ ఏమీ అవదు, అదే భయం వేసింది ఆమెకి.

సార్ కాగితం అందుకుని నవ్వుతూ అడిగాడు. "అందరూ వచ్చేశారామ్మా?"

"నలభై మంది సార్." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "పదిహేడో నంబరు నా ముందు నుంచి వెళ్ళలేదు. ఆ టిక్ నేను పెట్టింది కాదు."

ఆయన నవ్వు ఆగిపోయింది. కాగితం వైపు, ఆమె వెనక కారు వైపు చూశాడు. "అది మీ తమ్ముడి నంబరు కదూ."

"అవును సార్."

తిరుగు ప్రయాణంలో చైతూ కారు కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు, నిద్రపోలేదని కనురెప్పలు చెబుతున్నాయి. సీబ్ దాటాక నాన్న అద్దంలోంచి ఆమెని చూసి ఒక్క మాటే అన్నాడు. "బయటివాళ్ళ దగ్గర మంచిదానివనిపించుకున్నావు. సంతోషం."

ఇంటికొచ్చాక ఆమె వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడిగింది. ఎప్పటిలాగే. భోజనాలప్పుడు అమ్మ శేషుకుమారి అందరికీ వడ్డించింది, ఎవరివైపూ చూడలేదు. తిన్నాక నాన్న వంటింట్లోకి వచ్చాడు. కోపం లేదు ఆ మొహంలో, అదే ఎక్కువ కంగారు పెట్టింది ఆమెని.

"జరిగిందేదో జరిగింది. వాణ్ణి ఫలితాల్లోంచి తీసేసినా, సాయంత్రం దాకా అభ్యంతరాలు తీసుకుంటారట. నీ ఫోను ఇలా ఇవ్వు." గణపతి సార్‌కి మెసేజ్ టైప్ చేసి ఆమె ముందు, గట్టు మీద పెట్టాడు. "నువ్వు నొక్కు, చాలు. నాలుగింటికి నేను బయల్దేరాలి."

సార్, పొద్దున నాకు ఒంట్లో బాగాలేక తల తిరిగింది. ఆ సమయంలో పదిహేడో నంబరు వెళ్ళి ఉండొచ్చు. నా పొరపాటుకి క్షమించండి. కింద ఆమె పేరు.

"నాకు తల తిరగలేదు నాన్నా."

"తిరిగిందంటే నీకేం పోతుంది? ఆడపిల్లవి, ఎవరైనా నమ్ముతారు. వాడికైతే స్కూల్లో తల ఎత్తుకు తిరిగే దారి ఉండదు." పెట్టె సర్దుకోవడానికి గదిలోకి వెళ్ళిపోయాడు.

నవీన ఫోను వైపు చూస్తూ నిలబడింది. తెర ఆరిపోతుంటే మళ్ళీ వేలితో తాకింది. పంపితే చైతూ బతికిపోతాడు, బాషా మళ్ళీ అయిదోవాడవుతాడు, గణపతి సార్ ఆమెని ఇంకెప్పుడూ పిలవడు. అమ్మ సింకు దగ్గర గిన్నెలు తోముతోంది. ఆ వీపు వైపు చూసి అడిగింది, "ఏం చెయ్యమంటావే అమ్మా?"

అమ్మ కుళాయి కట్టేసి, చేతులు చీరకి తుడుచుకుని వచ్చి ఆ మెసేజ్ చదివింది. రెండోసారి కూడా చదివింది.

అమ్మ ఒకప్పుడు రూవీలో ఒక స్కూల్లో లెక్కల టీచరు. ఆరేళ్ళు చేసింది. థైరాయిడ్ వచ్చి నీరసపడి మానేసిందని ఇంట్లో అందరికీ తెలుసు. చుట్టాలకీ తెలుసు. నవీన కూడా ఎవరడిగినా అదే చెబుతుంది.

"నా రాజీనామా కూడా మీ నాన్నే టైప్ చేశారు," అంది అమ్మ. "ఒంట్లో బాగాలేదనే. నేను సంతకం పెట్టాను. ఆ నెల్లోనే నన్ను లెక్కల విభాగానికి హెడ్ చేస్తామన్నారు, సాయంత్రం అయిదు దాకా ఉండాల్సొచ్చేది. అప్పటికి చైతూకి రెండేళ్ళు."

"మరి థైరాయిడ్?"

"అది మానేసిన మూడేళ్ళకి వచ్చింది."

నవీన తల్లి మొహంలోకి చూసింది. ఏడుపేమీ లేదు. లెక్క ఎక్కడ తప్పిందో పిల్లకి చూపించి ఊరుకున్న టీచరులా ఉంది. ఆ మూడేళ్ళు అమ్మ ఏ జబ్బూ లేకుండా ఈ గట్టు దగ్గరే నిలబడిందన్నమాట. జబ్బు వచ్చాక ఆ పాత అబద్ధం, చూశారా ముందే చెప్పాంగా అన్నట్టు దానికింద సర్దుకుందన్నమాట.

ఆమె ఫోను అందుకుంది. చివరి అక్షరం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే చెరిపింది, తన పేరు, క్షమాపణ, తల తిరగడం, అన్నీ. తెర తెల్లగా మిగిలింది. ఫోను జేబులో పెట్టుకుని, ఆదివారం పరీక్ష పుస్తకం కోసం బాల్కనీ వైపు అడుగు వేసింది.

గదిలోంచి నాన్న గొంతు వినపడింది. "నవీనా, పంపావా?"

ఆమె నోరు తెరిచేలోగా వంటింట్లోంచి అమ్మ పలికింది. గొంతు పెద్దది చేయలేదు, తగ్గించనూ లేదు.

"అది పంపదండీ."