నారింజ బిళ్ళ

ఆ బిళ్ళ కనిపెట్టినవాడు ఎదురుపడితే మూకుడు తీసి వాడి నెత్తిన బోర్లించేదాన్ని. వాడి తప్పేమీ లేదనుకోండి. తప్పంతా నా నోటిది.

మాది చిన్న హోటలు. ముందు గల్లాపెట్టె, నాలుగు బల్లలు, వెనక వంటగది, మేడమీద మేముండే ఇల్లు. గల్లా దగ్గర మా తోటికోడలు కూర్చుంటుంది, నేను అక్కా అని పిలుస్తాను. బావగారు సరుకులు తెస్తారు. మా ఆయన బల్లల దగ్గర వడ్డిస్తాడు. పొయ్యి నాది. మా ఆయన్ని ఒకసారి పొయ్యి దగ్గర నిలబెడితే చేపముక్క ఏదో బొగ్గుముక్క ఏదో తినేవాళ్ళకి అంతుపట్టలేదు. ఇంక అక్కకి పొగ పడదట. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ వింటున్నాను ఈ మాట. ఆవిడ వంటగది గడప దాటి లోపలికి రావడం నేనెప్పుడూ చూడలేదు. పళ్ళెం కావాలన్నా గుమ్మంలో నిలబడి చెయ్యి చాపుతుంది.

ఆ వంటగదిని గది అనడానికే మొహమాటం వేస్తుంది. ఒకవైపు గ్యాసు బండలు, ఇంకోవైపు పొయ్యి, వెనక తలుపుకి అడ్డంగా ఉల్లిపాయల బస్తాలు. మూలన కుళాయి, దాని కింద తొట్టి. పొగ లాగే ఫ్యాను ఒకటుంది, దానికి బుద్ధి పుట్టినప్పుడు తిరుగుతుంది. మామూలు రోజుల్లో అది నా రాజ్యం. నెల తప్పాక జైలయింది.

వేవిళ్ళు ఎవరికి రావు! కానీ నావి మరీ మొండివి. నూనె కాగితే చాలు, పేగులు నోట్లోకి వచ్చేవి. అది చూసి అక్క తనే మందుల షాపుకి వెళ్ళి పొడుగాటి గొట్టం ఒకటి తెచ్చింది. విటమిన్ సి. నీళ్ళలో వేస్తే బుస్సుమని పొంగే నారింజ బిళ్ళలు.

"పులుపు తగిలితే వికారం కడుతుందన్నాడే షాపాయన. పైగా బలం కూడానట," అని గ్లాసు నా నోటికి ఆనించింది. చివరి చుక్క తాగేదాకా నన్నే చూస్తూ నిలబడింది. "నాకు ఆ రోజుల్లో ఇచ్చేవాళ్ళెవరూ లేరు," అంది.

ఆ రోజులంటే ఏవో నాకు తెలుసు. ఆవిడకి ఐదో నెలలో కడుపు పోయిందని మా ఆయన ఒకసారి చెప్పాడు. ఇంట్లో ఆ మాట ఎత్తొద్దని కూడా చెప్పాడు. ఆ తర్వాత మళ్ళీ నిలవలేదు.

సరిగ్గా ఆ బిళ్ళ తాగిన రోజే ఫ్యాను పూర్తిగా చచ్చింది. బాగుచేసేవాడు వచ్చి పొయ్యి ఆర్పించాడు, హోటలు మూసేశాం. నూనె వాసన లేదు, ఉల్లి వాసన లేదు. పొద్దుగూకేదాకా మేడమీద గాలికి కూర్చున్నాను. ఒక్క వాంతి కాలేదు. పెట్టింది పెట్టినట్టు తిన్నాను.

"తగ్గిందా?" అని అడిగింది అక్క. ఆ కళ్ళలో ఎంత ఆశో!

పొయ్యి వెలగలేదు కాబట్టి తగ్గింది అనాలి. అంటే? పొయ్యి దగ్గర నిలబడను అన్నట్టే కదా. కడుపొచ్చేసరికి దీనికి పొగరు నెత్తికెక్కింది అనుకోరూ? అదొక్కటే కాదు, ఆ మొహం చూస్తే నిజం చెప్పడానికి నోరు రాలేదు.

"నీ బిళ్ళ మహిమే అక్కా," అన్నాను.

నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. వంటమనిషిని పెడదామా అని ఆలోచిస్తున్న బావగారు, తగ్గిపోయిందిగా, ఇంకెందుకులే అన్నారు. ఫ్యాను బాగయింది, నేను మళ్ళీ పొయ్యి ముందుకి వచ్చాను. రోజూ పొద్దున్నే ఖాళీ కడుపున, గల్లా ముందు, అందరూ చూస్తుండగా గ్లాసు తాగాలి. అక్క ఊరంతా డప్పు కొట్టింది.

"ఆ నీళ్ళు నాకూ ఒక గ్లాసు పొయ్యమ్మా. మా ఆవిడ మాటలకి నాకు రోజూ కడుపులో తిప్పుతోంది," అనేవాడు మూల బల్ల దగ్గర కూర్చునే టైలరు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని, ఏం చేస్తాను!

లోపలికి వెళ్ళి ఉల్లిపాయలు నూనెలో వేసేసరికి ఆ నారింజ నీళ్ళు గొంతులోకి ఎగదన్నేవి. కుళాయి పూర్తిగా తిప్పి తొట్టి మీదకి వంగేదాన్ని. ఆ కుళాయిని పూర్తిగా తిప్పితే దబదబమంటుంది. ఆ మోతలో ఏనుగు కక్కినా బయటికి వినపడదు.

"మా పిల్లకి శుభ్రం ఎక్కువ. ఎప్పుడు చూడు కడుగుతూనే ఉంటుంది," అని అక్క టైలరుతో చెప్పడం నాకు వినిపించేది.

కక్కలేక మింగలేక అంటారు చూడండి, నా గతి అంతకన్నా అన్యాయం. కక్కుతూనే ఉన్నాను, ఒక్కరికీ చెప్పుకోలేను. మా ఆయనకి చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు.

"వదినకి నేనెలా చెప్పనే? ఇన్నేళ్ళలో ఆవిడ ఇంత హుషారుగా ఉండటం చూశావా? ఇంకొన్నాళ్ళు ఓర్చుకో, అవే పోతాయి."

"ఓర్చుకోవడానికి కడుపు నీదా నాదా?" అని కసిరాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బల్లలు తుడవడానికి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆయన మీద కోపంతో చేపలు మాడ్చేశాను.

బట్టలు వదులయ్యాయి. రాత్రి పడుకుంటే కడుపు మీద చెయ్యి వేసుకుని, నువ్వేం తింటున్నావురా లోపల, అని అడిగేదాన్ని. భయం వేసేది. పొద్దున్నే లేచి మళ్ళీ గ్లాసు తాగేదాన్ని.

డాక్టరమ్మ దగ్గరికి నాతో అక్కే వచ్చింది. డాక్టరమ్మ నన్ను తూకం మీద నిలబెట్టి, కిందటిసారి రాసింది చూసి మొహం చిట్లించింది.

"బాగా తగ్గిపోయావు. వాంతులవుతున్నాయా?"

నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. "అబ్బే, ఒక్కటీ లేదు డాక్టరమ్మా! విటమిన్ సి బిళ్ళ ఇస్తున్నాను కదా, నా చేత్తో, రోజూ."

"వాంతులు లేవు, తిండి తింటోంది, అయినా ఇంత తగ్గిందా?" డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "అయితే ఇంకేదో ఉంది. రక్తపరీక్షలు చేయించాలి. బిడ్డ ఎదుగుతోందో లేదో కూడా చూడాలి."

అక్క చెయ్యి నా భుజం మీద ఉంది.  "ఏమైంది డాక్టరమ్మా? బిడ్డకేమైంది? నేనేం తక్కువ చేశాను?" అంటోంది.  ఆ మాటలు ఆవిడ నా బిడ్డ గురించే అంటున్నట్టు లేదు.

నావల్ల కాలేదు. "రోజూ అవుతున్నాయి," అన్నాను. "పొద్దుటినుంచి రాత్రిదాకా. ఆ బిళ్ళ తాగితే ఇంకా ఎక్కువ. పొయ్యి లేని రోజే తగ్గింది అక్కా, బిళ్ళకి కాదు. నీకు తెలియకుండా కుళాయి తిప్పి కక్కుతున్నాను."

అక్క చెయ్యి నా భుజం మీదనుంచి జారిపోయింది.

ఖాళీ కడుపున అంత పులుపు పోస్తే మామూలు మనిషికే తిప్పుతుందని, దానితో వేవిళ్ళు కట్టవని డాక్టరమ్మ చెప్పింది. వేరే మందు రాసింది, కడుపు మీద చిన్న మిషను పెట్టి బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. బిడ్డ గట్టిదే. "పొయ్యి వైపు పోకు," అంది నాతో. చెప్పింది నాకైనా చూసింది అక్కని.

బస్సులో అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తిడితే బాగుండుననిపించింది. సగం దారిలో అడిగింది.

"మూలనున్న కుళాయేనా?"

"ఊఁ."

"పూర్తిగా తిప్పితే దబదబమంటుంది."

"అవునక్కా."

"నేనూ అలాగే తిప్పేదాన్ని, ఐదో నెలదాకా," అంది.

  పొగ పడకపోవడమంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది.

హోటలుకి వచ్చాక గల్లా తాళం నా చేతిలో పెట్టి కుర్చీ చూపించింది. కౌంటరు మీదున్న బిళ్ళల గొట్టం తీసి చెత్తబుట్టలో పడేసింది. నడుముకి గుడ్డ బిగించుకుని, గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి అడుగుపెట్టింది. మా ఆయన చేతిలో పళ్ళాలతో అలాగే నిలబడిపోయాడు.

"ఏమ్మా, ఇవాళ నారింజ నీళ్ళు లేవా?" అన్నాడు టైలరు. నేను గల్లాపెట్టె తెరిచి చిల్లర లెక్కపెట్టాను.

ఉల్లిపాయలు నూనెలో పడ్డ చప్పుడు వచ్చింది. ఆ వెంటనే కుళాయి మోత. దబదబ, దబదబ. చేతులు కడుక్కోవడానికి అంతసేపు పట్టదు.

లేచి ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళాను. అక్క తొట్టి మీదకి వంగి ఉంది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ముందు పొయ్యి ఆర్పాను. తర్వాత చెయ్యి చాపి కుళాయి కట్టేశాను.

అక్క ఏడుపు నాలుగు బల్లలకీ వినిపించింది.