డాక్టరు గారి ఫొటో

"ఆ కప్పు కడగకు," అన్నాడు భర్త, కెమెరా సంచి జిప్పు లాగుతూ.

అప్పటికే ఆమె చేతుల నిండా సబ్బు నురగ. పొద్దున ఆయనే తాగి వదిలేసిన కాఫీ కప్పు సింకు పక్కన గట్టు మీద ఉంది. అడుగున మిగిలిన కాఫీ ఎండి చార కట్టింది. కిటికీలోంచి వచ్చిన ఎండ సరిగ్గా దాని అంచు మీద పడుతోంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసుకుని, ఊపిరి బిగబట్టాడు. తన నీడ పడకుండా ఆమె గోడకు అతుక్కుపోయింది. కుక్కరు ఆవిరికి లెన్సు మసకబారుతోందంటే స్టవ్వు ఆర్పేసింది. అవతల బస్సు టైమవుతోంది, పాప జడకు రిబ్బను కట్టాలి, అత్తగారి మాత్రలు తీసిపెట్టాలి. ఆయన మాత్రం కప్పుకు కుడివైపు నుంచి ఎడమవైపుకు, ఎడమవైపు నుంచి కుడివైపుకు జరుగుతూ, దాన్ని బుజ్జగిస్తున్నట్టు చూస్తూనే ఉన్నాడు.

లేచాక అన్నాడు, "సాయంత్రం ఎండలో కూడా చూడాలి. అలాగే ఉంచు." ఆ ఎంగిలి కప్పు చుట్టూ చప్పుడు కాకుండా గిన్నెలు తోముకుంది ఆమె, పక్కన పసిపిల్ల నిద్రపోతున్నట్టు.

ఆయనకు ఈ పిచ్చి పెళ్ళికి ముందు నుంచే ఉంది. ఆఫీసు లేని రోజున కెమెరా మెడలో వేసుకుని బయల్దేరతాడు. తుప్పు పట్టిన కార్లు, పొగమంచులో కొండలు, మేడ మీద నుంచి చుక్కలు, చంద్రుడు, ఇంట్లో ఉంటే చెంచాలు, తాళం చెవులు, ఆరేసిన బట్టలు. ఒకసారి దండెం మీద దుప్పట్ల ఫొటో తీసి 'ప్రశాంతత' అని పేరు పెట్టి తన ఫొటోల క్లబ్బులో చూపించాడు. అందరూ మెచ్చుకున్నారట. ఆ దుప్పట్లు ఉతికి పిండిన రోజున ఆమెకు నడుము పట్టేసి మంచం దిగలేకపోయింది. సొమ్మొకడిది సోకొకడిది అనుకుని నవ్వుకుంది అప్పట్లో. నవ్వడం ఇంకా వచ్చిన రోజులవి.

పెళ్ళయిన కొత్తలో, కొత్తగా కుట్టించుకున్న నీలం బట్టలు వేసుకుని వెలుతురు బాగా పడే కిటికీ దగ్గర నిలబడింది. నోరు తెరిచి అడగలేదు, ఊరికే నిలబడింది. ఆయనకు అర్థమై, "నేను మనుషుల్ని తీయను. కదులుతారు," అన్నాడు. "నేను కదలనండీ," అంది. ఆయన పెద్ద జోకు విన్నట్టు నవ్వి లెన్సు తుడుచుకున్నాడు. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చినా ఆమెకు చెవులు వేడెక్కుతాయి.

ఎవరికి చెప్పుకుంటుంది? అత్తగారికి చెబితే, "తాగుడు లేదు, పేకాట లేదు, ఆ డబ్బా పట్టుకుని తిరుగుతాడు, తిరగనీ. అదృష్టవంతురాలివి," అంటుంది. అదీ నిజమే కాబోలు అనుకుని, ఆయన కొండల మీదికి వెళ్ళినప్పుడల్లా ఫ్లాస్కులో టీ పోసి, డబ్బాలు సర్ది పంపేది. ఒక గిన్నె మీద, ఒక పాత లారీ మీద అసూయ పడుతున్నానంటే జనం నవ్విపోతారు. కానీ పడేది. చంద్రుడి కోసం మెడ నొప్పెట్టేదాకా చూసే మనిషి, తను జుట్టు కత్తిరించుకుని వస్తే వారం గడిచినా గమనించలేదు మరి.

ఆమె ఉద్యోగం బండ్ల బీమా ఆఫీసులో. గుద్దుకున్న కార్లు, బోల్తా పడ్డ ఆటోలు, వాటి ఫొటోలన్నీ ఆమె బల్ల మీదికే వస్తాయి. చూసి, సరిచూసి, పైకి పంపాలి. మంచి పని, చేతనైన పని. కానీ బయటి వాళ్ళు మీటింగుకు వస్తే మాత్రం మేనేజరు తలుపు తీసి, అక్కడ ముగ్గురు మగవాళ్ళు ఖాళీగా కూర్చున్నా, "మేడం, కాస్త టీ సంగతి చూడండి. మీరైతే చక్కగా చూస్తారు," అంటాడు. అక్కడ టీ చూసి, ఇంటికొచ్చి మళ్ళీ ఫొటోలే. భర్త కెమెరా కార్డులోంచి కంప్యూటర్లోకి ఎక్కించడం, తేదీల వారీగా సర్దడం, ఊగిపోయినవి తీసేయడం ఆమె పనే. "ఆఫీసులో ఎలాగూ ఇదే కదా నీ పని," అన్నాడొకసారి. అప్పటి నుంచి అది ఇంటిపనుల్లో కలిసిపోయింది.

భర్త ఫొటోల క్లబ్బులోకి డాక్టరు గారు వచ్చింది ఈ ఏడాదే. పళ్ళ డాక్టరు. లారీల ఫొటోలు తప్ప ఇంకోటి తీయదట. అందుకని అందరూ లారీ డాక్టరంటారట. మొదట్లో భర్త ఆవిడ సంగతి నవ్వుతూ చెప్పాడు. తర్వాత నవ్వడం పోయి గౌరవం వచ్చింది. "డాక్టరు గారు ఏమన్నారంటే" అన్నది అన్నం ముందు కూర్చోగానే మొదటి మాటయింది.

"ఆవిడకు పెళ్ళయిందా?" అని అడిగింది ఒకరోజు, వడ్డిస్తూ, అక్కర్లేనట్టు.

"ఏమో, అడగలేదు. మేం వెలుతురు గురించి మాట్లాడుకుంటాం," అన్నాడు.

పుండు మీద కారం చల్లినట్టయింది. పెళ్ళయిందనో కాలేదనో అంటే ఏదో ఒకలా ఓర్చుకునేది. తనతో ఆయన గ్యాసు గురించి మాట్లాడతాడు, పాప ఫీజు గురించి మాట్లాడతాడు, అమ్మ మోకాళ్ళ గురించి మాట్లాడతాడు. ఇన్నేళ్ళలో వెలుతురు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆ వారమే కార్డులోని ఫొటోలు సర్దుతుంటే అది కనిపించింది. అన్నీ చక్రాలు, హెడ్‌లైట్లు, ఊడిన రంగులు. వాటి మధ్య ఒక మనిషి. లారీల దగ్గర ఇంకెవరుంటారు, డాక్టరు గారే. లారీ చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చుంది. ఒక కాలు ముడిచి, ఒక కాలు బారజాపి ఉంది. ప్యాంటుకు నల్లటి గ్రీజు. కళ్ళజోడు నెత్తి మీదికి తోసేసింది. నెరిసిన జుట్టు రబ్బరు బ్యాండు లోంచి జారి ముఖం మీద పడింది. నోరు తెరిచి పెద్దగా నవ్వుతోంది. కెమెరా వైపు చూడటం లేదు. చెయ్యి కదిలి కాస్త మసకగా పడింది.

కదిలింది. కదిలినా తీశాడు.

ఆమె కళ్ళలో నిప్పులు పోసినట్టయింది. ఆవిడ అందగత్తె అయినా బాగుండును, సరేలే అనుకునేది. తనకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది, నడుము దగ్గర బొద్దుగా ఉంది, ఒంటి మీద శ్రద్ధ ఉన్న మనిషిలా కూడా లేదు. మరి ఏం చూశాడు? ఆ ఫొటోను తన ఫోనులోకి ఎక్కించుకుంది. బస్సులో చూసింది. ఆఫీసులో, విరిగిన బంపర్ల ఫొటోల మధ్య చూసింది. వేళ్ళతో పెద్దది చేసి ఆ గ్రీజు మరకను, ఆ బారజాపిన కాలిని, ఆ తెరిచిన నోటిని చూసింది. రోజురోజుకీ కడుపుమంట పెరిగిందే గానీ తగ్గలేదు. భర్తను మాత్రం అడగలేదు. అడిగితే ఆయన "ఊరికే" అంటాడని, ఆ ఊరికే అన్న మాట తాను మోయలేనని ఆమెకు తెలుసు.

"ఆదివారం మీ క్లబ్బు వాళ్ళతో నేనూ వస్తాను," అంది.

ఆయన ఆశ్చర్యపోయాడు. తర్వాత, "ఎలాగూ వస్తున్నావు కదా, అందరికీ సరిపడా వండు. బయటి తిండి బాగుండదక్కడ," అన్నాడు. పాపను తను చూస్తానంది అత్తగారు, ఊళ్ళో వాళ్ళకు వండిపెట్టే యోగం మా ఇంటిదే అని దీర్ఘం తీస్తూ. తెల్లారకముందే లేచి వండింది.

ఊరి చివర పాత బండ్ల యార్డు అది. చచ్చిన లారీలు, సీట్లు లేని బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. క్లబ్బు మగవాళ్ళు కెమెరా స్టాండ్లు పాతి తలో దిక్కుకూ వెళ్ళారు. ఒకాయన ఆమెకు గొడుగు ఇచ్చి తన కెమెరాకు ఎండ తగలకుండా పట్టుకోమన్నాడు. ఇంకొకాయన మంచినీళ్ళు ఎక్కడున్నాయని అడిగాడు. భోజనాలయ్యాక చేతులు తుడుచుకుంటూ క్లబ్బు ప్రెసిడెంటు, "అమ్మా, నువ్వు ప్రతిసారీ రావాలి," అన్నాడు. భర్త గర్వంగా నవ్వాడు.

డాక్టరు గారు తినడానికి రాలేదు. ఒక లారీ కింద, గోనె పట్టా మీద వెల్లకిలా పడుకుని ఉంది. బయటికి కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆమె ప్లేటు పట్టుకుని వెళ్ళి నిలబడింది. పక్కనున్న సంచిలో ఫోను మోగుతోంది.

"మీ ఫోను," అంది.

"మోగనివ్వండి," అంది డాక్టరు లోపలి నుంచి.

అది మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఆ మోత వింటూ నిలబడటం ఆమె వల్ల కాలేదు. స్నానం మధ్యలో తడి చేత్తో ఫోను ఎత్తిన మనిషి ఆమె. అది మోగుతుంటే ఒక ఆడది కళ్ళు ఆర్పకుండా పైకి చూస్తూ పడుకోగలదని ఆమెకు ఇంతవరకూ తెలియదు.

డాక్టరు జరుగుతూ బయటికొచ్చి, ప్లేటు అందుకుని, అక్కడే నేల మీద కూర్చుని తినసాగింది. "మీరేం తీస్తారు?" అంది.

"నేనా? మా ఆయన..."

"ఆయన ఏం తీస్తారో నాకు తెలుసు."

మాట కరుకుగా లేదు, మెత్తగానూ లేదు. ఇక ఆగలేక ఆమె తన ఫోను తీసి ఆ ఫొటో చూపించింది. డాక్టరు కళ్ళజోడు దించుకుని చూసింది.

"ఎవరు తీశారు దీన్ని? ఆయనా? నాకు చెప్పనేలేదు." ఇంకాస్త దగ్గరగా చూసింది. "ఇది నవ్వు కాదండీ. మోకాలు పట్టేసి అరుస్తున్నా." అని, ఫోను తిరిగి ఇస్తూ, "సరే, ఆయన తీశారు. మీ ఫోనులో ఎందుకుంది?" అని అడిగింది.

ఆధారం కోసం అనబోయింది. నిలదీయడానికి అనబోయింది. రెండూ నోట్లోనే ఆగిపోయాయి. ఇన్ని రోజులూ దీన్ని బస్సులో, ఆఫీసులో, వంటింట్లో తలుపు వారగా నిలబడి చూసింది కదా, ఒక్కసారైనా తీసిన వాడి కోసం చూసిందా? ఆ బారజాపిన కాలినే చూసింది. నేల మీద, మట్టిలో, ఎవరేమనుకుంటారోనన్న లెక్క లేకుండా కూర్చున్న తీరునే చూసింది. ఇంట్లో మంచం మీద కూడా తాను అలా కాలు చాపి ఎరుగదు. మొగుణ్ణి ఎగరేసుకుపోతుందేమోనన్న భయం అనుకుంది దాన్ని. కాదు. ఆవిడ దగ్గర ఉన్నదాని మీదే ఆమె కన్నంతా. ఆ సంగతి తెలిశాక మంట చల్లారలేదు, ఇంకా ఎక్కువైంది. మొగుడి మీద అనుమానమైతే ఎవరో ఒకరు సర్దిచెబుతారు. దీనికి ఎవరు సర్దిచెబుతారు?

డాక్టరు ప్లేటు కడుక్కుని తిన్నగా ఆమె భర్త దగ్గరికి వెళ్ళింది. ఇంకోసారి చెప్పకుండా తన ఫొటో తీయవద్దని అందరి ముందే అంది, పిప్పి పన్ను తీయాలని చెప్పినంత మామూలుగా. ఆయన ముఖం కందిపోయింది. వెంటనే స్టాండు మడిచేసి భార్య దగ్గరికొచ్చాడు.

"నా కంప్యూటర్లోంచి తీసి చూపించావా?"

"సర్దమని మీరేగా ఇచ్చారు."

"పద, వెళ్దాం. డబ్బాలు తీసుకో."

ఆమె డబ్బాలు సంచిలో పెట్టి, సంచి తెచ్చి ఆయన చేతికిచ్చింది. "మీరు వెళ్ళండి. నేను ఉంటాను."

"ఇక్కడా? ఏం చేస్తావు?"

"తెలీదు. చూస్తాను."

"అమ్మకు ఏం చెప్పను?"

"ఇదే చెప్పండి," అంది. ఆయన కారు గేటు దాటేదాకా అక్కడే నిలబడి చూసింది.

డాక్టరు కారణమేమీ అడగలేదు. మళ్ళీ లారీ కిందికి దూరింది. కాసేపు బయట నిలబడి, "ఎక్కడ పడుకోవాలి?" అని అడిగింది ఆమె. డాక్టరు గోనె పట్టాలో సగం ఇటు జరిపింది. వెల్లకిలా పడుకుంటే పైన ఇనప గొట్టాలు, ఎండిన మట్టి, ఎప్పటిదో పిచ్చుక గూడు. తుప్పు తిన్న చోటల్లా చిన్న చిన్న వెలుగు చుక్కలు. డాక్టరు తన రెండో కెమెరా ఇచ్చింది. ఆమె తీసినవన్నీ మసకగానే వచ్చాయి. డాక్టరు తీసినవి అద్దంలా ఉన్నాయి. అవి చూసి మళ్ళీ ఒళ్ళు మండింది. ఇంకోసారి తీసింది. అదీ మసకే. చెయ్యి ఎక్కడ ఆనించాలో డాక్టరు చూపించింది. పొద్దు వాలి ఎండ లారీ కిందికి పాకేదాకా ఇద్దరూ వెలుతురు గురించి మాట్లాడుకున్నారు. తర్వాత పళ్ళ గురించి, బండ్ల బీమా గురించి, పాప జడ గురించి, ఏవేవో మాట్లాడుకున్నారు.

డాక్టరు వీధి మలుపులో దింపేసరికి దీపాలు పెట్టే వేళయింది. అత్తగారు ఆమె వీపుకు అంటిన మట్టి చూసి లోపలికి వెళ్ళిపోయింది. పాప మాత్రం వీపంతా తడిమి, ఎక్కడ పడ్డావమ్మా అని అడిగింది. భర్త టీవీ పెట్టుకుని కూర్చున్నాడు, చూడటం లేదు.

"వచ్చే ఆదివారం కూడా వెళ్తున్నాను," అంది ఆమె. "వంట మీరో అత్తయ్యో చూసుకోండి."

ఆయన టీవీ వైపే చూస్తూ, అక్కర్లేనట్టు అడిగాడు. "అంతసేపు ఏం మాట్లాడుకున్నారు ఇద్దరూ?"

ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. అన్నం వడ్డిస్తూ తాను వాడిన గొంతే అది.

"నేను వచ్చేశాక నా గురించి ఏమైనా అన్నారా డాక్టరు గారు?"

"లేదు," అంది. "మీ మాటే రాలేదు."

ఆయన్ని నొప్పించాలని అన్నది కాదు. నిజంగానే రాలేదు. ఆ సంగతి ఆమెకూ అప్పుడే తెలిసింది.